రెండో హత్య ఎవరి ఖాతాలో?

నా ఉద్యోగమంతా భూతద్దం వెనకాలే గడిచిపోయింది. హైదరాబాద్‌లో వేలిముద్రల విభాగంలో పని. హత్య మా బల్ల మీదికి కాగితంగా మారి వచ్చేది. గాజు గ్లాసు మీదో, బీరువా తలుపు మీదో పౌడరు చల్లి తీసిన ముద్ర ఫోటో, దాని వెనక క్రైం నంబరు, స్టేషను పేరు. అంతే. చనిపోయిన మనిషి ఎవరో చాలాసార్లు మాకు తెలిసేదే కాదు. చంపినవాడు ఎవరో అసలే తెలియదు. ఆ పేరు కోసమే కదా మా పాట్లన్నీ.

ఈమధ్య మా అక్క మనవరాలు సెలవులకు వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతోంది. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సీరియల్ కిల్లర్ల కథలు వినడం దాని కాలక్షేపం. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉన్నట్టుండి అడిగింది: "చిన్నమ్మమ్మా, రుమేనియాలో తండ్రీ కొడుకూ ఇద్దరూ సీరియల్ కిల్లర్లట! తండ్రి సంగతి వేలిముద్రలతో బయటపడిందట. అవి కూడా వారసత్వంగా వస్తాయా?"

రావు. ఉచ్చులా తిరిగే లూపో, సుడిలా తిరిగే వోర్లో అన్న మోస్తరు పోలిక ఒక కుటుంబంలో కనిపించవచ్చు గానీ, గీతలు ఎక్కడ చీలాయి, ఎక్కడ ఆగాయి అన్నది ఎవరిది వాళ్లదే. తల్లి కడుపులో మూడో నెలా నాలుగో నెలా గడిచేసరికి ఏర్పడిపోతాయి. కవల పిల్లలవి కూడా కలవవు. ఈ మాట చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ కేసు మా వృత్తిలో ఉన్నవాళ్లకు తెలియనిది కాదు. అది విన్నాక అందరూ అడిగే ప్రశ్న "రక్తంలోనే ఉందా?" అని. నాకు మాత్రం ఇంకో ప్రశ్న ముఖ్యమనిపిస్తుంది. మొదటి హత్య హంతకుడి ఖాతాలో వేద్దాం. రెండోది ఎవరి ఖాతాలో వెయ్యాలి?

ముందు కొడుకు సంగతి. 1970 మే నెలలో బుకారెస్ట్‌లో ఒక రెస్టారెంటు సర్వరు పని ముగించుకుని రాత్రిపూట ఇంటికి వస్తూ హత్యకు గురైంది. మరుసటి ఏడాది మార్చిలో ఒకామె, ఏప్రిల్‌లో ఒకామె, మే మొదట్లో ఇంకొకామె. మధ్యలో అతని చేతుల్లో పడి ప్రాణాలతో బయటపడినవాళ్లూ ఉన్నారు. చంపినవాడి పేరు ఇయోన్ రిమారు. 1946లో డాన్యూబ్ ఒడ్డున కొరాబియాలో పుట్టాడు. దక్షిణాన ఓల్ట్ జిల్లాలో కరకల్ అనే చిన్న పట్నంలో పెరిగాడు. పశువైద్యం చదవడానికి రాజధానికి వచ్చాడు. 1971 మే 27న దొరికాడు. అదే ఏడాది అక్టోబర్ 23న జిలావా జైల్లో తుపాకులతో కాల్చి శిక్ష అమలు చేశారు. పట్టుకున్న రోజు నుంచి ఐదు నెలలు కూడా పట్టలేదు.

ఇతనికి లోకం పెట్టిన పేరు బుకారెస్ట్ రక్తపిశాచి. రుమేనియాలో ఏ హంతకుడికైనా ఈ బిరుదు తప్పదు. బ్రామ్ స్టోకర్ తన 'డ్రాక్యులా' నవలను 1897లో అచ్చు వేయించాడు. ట్రాన్సిల్వేనియాలో అడుగైనా పెట్టకుండా రాశాడు. ఆ ఏడాదే, ఆ నవల వచ్చిన కొద్ది వారాలకే, కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో మొదలైంది. దాని వెనక ఉన్న లెక్కంతా అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్ల బుర్రలోంచి వచ్చింది. లోకానికి డ్రాక్యులా గుర్తుండిపోయాడు. హక్, బోస్ ఎవరని అడిగితే మా డిపార్ట్‌మెంటులోనే కొందరు తడుముకుంటారు.

రిమారును పట్టించినది ఏమిటో చూడండి. ఆఖరి హత్యలో శవం కింద ఒక కాగితం దొరికింది. విద్యార్థుల ఆసుపత్రి మార్చిలో రాసిచ్చిన వైద్య ధ్రువపత్రం. క్లాసుకు ఎందుకు రాలేదో చూపించుకోవడానికి పనికొచ్చే చీటీ. ఆసుపత్రి రిజిస్టరు తెప్పించి, అలాంటి చీటీ తీసుకున్న విద్యార్థుల్ని ఒక్కొక్కరినే వడపోశారు. చనిపోయినామె గుప్పిట్లో చిక్కిన వెంట్రుకల్ని పోల్చారు. పట్టుకునేటప్పటికి అతని సంచిలో గొడ్డలీ కత్తీ ఉన్నాయి. అంటే రక్తపిశాచి ఆట కట్టించింది సిక్ లీవు చీటీ, దాని నకలు దాచిన గుమస్తా. కథలు చెప్పేవాళ్లు ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. ఉరుములూ వానా పొగమంచూ మాత్రం పావుగంట వర్ణిస్తారు.

ఇక తండ్రి. ఫ్లోరియా రిమారు 1972లో రైల్లోంచి పడి చనిపోయాడు. శవం నుంచి తీసిన ముద్రలు 1944లో బుకారెస్ట్‌లో జరిగిన నాలుగు హత్యల చోట దొరికిన ముద్రలతో కలిశాయని అక్కడి పోలీసుల కథనం. కొడుకు చంపింది నలుగుర్ని, తండ్రి చంపింది నలుగుర్ని. కథకులకు ఇంతకన్నా ఏం కావాలి? తండ్రి పోలికే, అదే రక్తం, అదే విత్తనం. రైల్లోంచి పడ్డాడా, తోసేశారా అన్న గుసగుస సరేసరి.

ఈ కథలో నన్ను ఆపేది ఆ మధ్యలోని 28 ఏళ్లు. అవి ఎందుకు పట్టాయో చెప్పాలంటే మా పని ఎలా సాగేదో కాస్త చెప్పాలి. కంప్యూటర్లు రాకముందు పది వేళ్ల ముద్రలూ కలిపి ఒక సూత్రం కట్టేవాళ్లం. ఆ సూత్రాన్ని బట్టి స్లిప్పు ఏ అరలోకి పోవాలో తేలేది. పది వేళ్లూ ఉంటేనే అర దొరుకుతుంది. నేరం జరిగిన చోట దొరికేది ఒక వేలో, వేలులో సగమో. దాన్ని మేం ఛాన్స్ ప్రింట్ అంటాం. ఒంటివేలి పద్ధతులు కొన్ని చోట్ల ఉండేవి గానీ, మామూలుగా అయితే ఎవరో ఒకరు "ఫలానా వాడి మీద అనుమానం" అని పేరు చెప్పాలి. అప్పుడు ఆ మనిషి స్లిప్పు పక్కన పెట్టుకుని పోల్చగలం. పేరు రాకపోతే ఛాన్స్ ప్రింట్ కవర్లో పడి ఉంటుంది.

1944లో బుకారెస్ట్ ఎలా ఉందో తలుచుకోండి. ఏప్రిల్‌లో అమెరికా విమానాలు బాంబులు కురిపించాయి. రాత్రిళ్లు దీపాలు ఆర్పేసుకున్న నగరం. ఆగస్టు 23న రాజు మిహాయ్ నియంత అంతొనెస్కును అరెస్టు చేయించాడు. వారం తిరిగేసరికి సోవియట్ సైన్యం దిగింది. కొన్నేళ్లకు రాజూ పోయాడు, కమ్యూనిస్టులు వచ్చారు. అంత గందరగోళంలో నలుగురు ఆడవాళ్ల హత్యల గురించి పట్టుకుని కూర్చునేదెవరు? అయినా ఎవరో పేరు తెలియని ఒక ఉద్యోగి ఆ ముద్రల్ని ఎత్తి, నంబరేసి, భద్రపరిచాడు. రాజ్యాలు మూడు మారినా ఆ కవరు మారలేదు. 1972లో ఇంకెవరో దాన్ని తీసి పోల్చారు. నా దృష్టిలో ఈ కేసులో చెప్పుకోదగ్గ మనుషులు ఆ ఇద్దరూ. ఈ కథలో వారసత్వంగా వచ్చినది ఏదైనా ఉంటే అది ఆ కవరే.

"చెడ్డ రక్తం" అన్న మాట ఎందుకంత రుచిగా ఉంటుందో నాకు తెలుసు. అది మనందర్నీ బోనులోంచి దింపేస్తుంది. తప్పు విత్తనానిదైతే, పొలం కాపలా కాయాల్సినవాడు నిశ్చింతగా నిద్రపోవచ్చు. కొడుకు మొదటి హత్యకూ రెండో హత్యకూ మధ్య దాదాపు పది నెలలున్నాయి. ఆ పది నెలల్లో బుకారెస్ట్ ఆడవాళ్లకు ఎవరైనా ఏమైనా చెప్పారా?

చెప్పలేదు. సోషలిస్టు సమాజంలో ఇలాంటి నేరాలుండవన్నది సర్కారు వారి సిద్ధాంతం. అవి పెట్టుబడిదారీ దేశాల జబ్బు. కాబట్టి పత్రికల్లో హెచ్చరిక లేదు, రేడియోలో లేదు. ఊళ్లో మాత్రం ఏ ఇంట్లో చూసినా అదే మాట. వానపడే రాత్రుల్లోనే వస్తాడట, నెత్తురు తాగుతాడట, వాడు ఒక్కడు కాడట. 1971 వసంతంలో వీధుల నిండా మిలీషియా అనే అక్కడి పోలీసులు, మఫ్టీలో ఉన్నవాళ్లు. ఎందుకని అడిగితే జవాబు లేదు. రెస్టారెంట్లలో, దుకాణాల్లో రాత్రి షిఫ్టు చేసే ఆడవాళ్లు పని మానలేరు. పోనీ జాగ్రత్త పడదామంటే, ఏ పేటలో, ఏ వేళప్పుడు, ఎలాంటివాడి నుంచి జాగ్రత్త పడాలో ఎవరూ చెప్పరు. వార్త దాచిపెట్టిన చోటికి పుకారు వచ్చి కూర్చుంటుంది. పుకారు భయపెడుతుంది గానీ కాపాడదు. ఆ జులైలోనే దేశాధినేత చౌషెస్కు చైనా, ఉత్తర కొరియా చూసొచ్చి, పత్రికలూ సాహిత్యమూ పార్టీ చెప్పుచేతల్లో ఉండాలని తీర్మానాలు ప్రకటించాడు. రిమారు అప్పటికి జైల్లో ఉన్నాడు. పాఠం మాత్రం ఎవరూ నేర్చుకోలేదని అర్థం.

నోరు నొక్కిన పోలీసు వ్యవస్థకు ఇంకో అలవాటు వస్తుంది. తొందరగా ఎవరో ఒకర్ని చూపించాలి. 1977లో బుకారెస్ట్‌లో ఒక యువతిని చంపి ముక్కలు చేసి నగరంలో పారేశారు. ఒక టాక్సీ డ్రైవర్ని పట్టుకున్నారు. అతను చేసినట్టు తేల్చారు, జైలుకు పంపారు. కొన్నేళ్లకు అసలు హంతకుడు దొరికాడు. కమ్యూనిస్టుల కాలం పోయాక కూడా ఈ జబ్బు వదల్లేదు. 1990లలో గోర్జ్ జిల్లాలో పదమూడేళ్ల బాలిక హత్య కేసులో ఒక మనిషి సుమారు పన్నెండేళ్లు జైల్లో మగ్గాడు. చంపింది వేరొకడని తర్వాత తేలింది. కాగితం మీద నిర్దోషి అనిపించుకునే వేళకి ఆయన బతికి లేడు.

ఇలాంటి కేసుల గురించి చదివినప్పుడల్లా "నిందితుడు ఒప్పుకున్నాడు" అన్న వాక్యం దగ్గర నేను ఆగుతాను. ఒప్పుకోలు గదిలో పుడుతుంది, ముద్ర వస్తువు మీద పుడుతుంది. గది తలుపు వేసి ఉన్నప్పుడు లోపల ఏం జరిగిందో మూడోవాడు చూడలేడు. వస్తువు మీది ముద్రను మాత్రం నేను కలిసిందన్నాక ఇంకో నిపుణుడు భూతద్దం పట్టుకుని "ఎక్కడ, చూపించు" అనగలడు. తప్పుడు మనిషిని లోపలేస్తే జరిగే అన్యాయం ఒకటి అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది రెండోది. ఫైలు మూసిన రోజు నుంచి అసలువాడి కోసం వెతకడం కూడా ఆగిపోతుంది. వాడు బజార్లో కూరగాయలు కొనుక్కుంటూ ఉంటాడు.

హంతకుల జాబితాల్లో రుమేనియా పేరు పక్కన ఎప్పుడూ కనిపించే ఇంకో ఇద్దరున్నారు. ఒకరు వెరా రెంత్సీ. ముప్పై అయిదు మంది మగవాళ్లకు ఆర్సెనిక్ పెట్టి చంపిందనీ, శవపేటికలన్నీ నేలమాళిగలో వరసగా పేర్చుకుని మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చునేదనీ చెబుతారు. ఈ కథకు కోర్టు తీర్పు లేదు, పోలీసు రికార్డు లేదు. వార్తాపత్రికల్లోంచి పుస్తకాల్లోకీ, పుస్తకాల్లోంచి జాబితాల్లోకీ పాకింది. ఫైలు లేని హంతకురాలు నాకు అక్కర్లేదు. రెండోవాడు వసీలె త్కాచుక్. 1930లలో యాషి నగరంలో గొడ్డలితో ఇరవై మందికి పైగా చంపాడంటారు. పోలీసులు పట్టుకున్నాక పారిపోబోతే కాల్చేశారట. ఈ చివరి వాక్యాన్ని తెలుగు పాఠకులకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. విచారణ జరగలేదు గనక ఎంతమందిని చంపాడో, ఎవరు తోడున్నారో, అన్నాళ్లూ ఎవరు చూసీ చూడనట్టు ఊరుకున్నారో కోర్టులో తేలనేలేదు. హంతకుణ్ని చంపిన తూటా సాక్షిని కూడా చంపుతుంది.

ఇప్పుడు కరకల్‌కి వద్దాం. రిమారు పెరిగిన ఊరే. రుమేనియాలో ఆ ఊరి మీద పాత జోకు ఒకటుంది. పిచ్చివాళ్ల బండి అక్కడే బోల్తాపడిందట. 2019 జులై తర్వాత ఆ ఊరి పేరెత్తితే ఎవరికీ నవ్వు రావడం లేదు.

2019 జులై 24న పదిహేనేళ్ల అమ్మాయి ఒకతె పక్క పల్లె నుంచి కరకల్‌కి బయలుదేరింది. పల్లెల్లో బస్సులు తక్కువ. రోడ్డు మీద చెయ్యెత్తి ఏదో కారు ఆపుకుని, ఎంతోకొంత చేతిలో పెట్టి వెళ్లడం అక్కడ మామూలు. ఆ పిల్ల ఎక్కిన కారు గియోర్గె దింకా అనే మెకానిక్‌ది. అరవై దాటిన మనిషి. మర్నాడు పొద్దున పదకొండు దాటాక ఆ పిల్ల ఎలాగో ఒక ఫోను సంపాదించి అత్యవసర నంబరు 112కి చేసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. తనను ఎత్తుకొచ్చి బంధించారని చెప్పింది. ఫోను పెట్టేయొద్దని బతిమాలింది. అక్కడే ఉండు, బండి వస్తోంది, లైను పట్టుకుని కూర్చోలేం, వేరే కాల్స్ ఉన్నాయి. ఇదీ ఆమెకు దొరికిన సమాధానమని తర్వాత బయటికొచ్చిన సంభాషణ చెబుతోంది.

ఫోను ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడానికి సెల్ టవర్ లెక్కలు చాల్లేదు. విశాలమైన ప్రాంతం చూపించాయి. వేరే ఇళ్లు వెతికారు. అర్ధరాత్రి దాటి మూడు గంటల ప్రాంతానికి అసలు ఇల్లు తేలింది. పోలీసులు గేటు బయట నిలబడ్డారు. వారంటు కావాలి, తెల్లవారాలి. ఆరింటికి లోపలికి వెళ్లారు. ఆ పిల్ల ఫోను చేసి పంతొమ్మిది గంటలు. లోపల దొరికినవి కాలిన ఎముకలు.

అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. అదే ఊళ్లో ఏప్రిల్‌లో పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఒకతె కనిపించకుండా పోయింది. ఇంట్లోవాళ్లు పోలీసుల చుట్టూ తిరిగారు. ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందన్న ధోరణే ఎదురైందని వాళ్ల బాధ. దింకా ఇద్దర్నీ చంపినట్టు ఒప్పుకున్నాడు. ఏప్రిల్ ఫిర్యాదును పట్టించుకుని ఆ దారిలో అమ్మాయిల్ని కారెక్కించుకునేవాళ్లు ఎవరెవరని ఎవరైనా ఒక్క జాబితా రాసి ఉంటే? 1971లో సిక్ లీవు చీటీల జాబితా రాశారు కదా.

కరకల్ దెబ్బకు ఊడిన పదవులు చాలానే ఉన్నాయి. దేశ పోలీసు అధిపతిని తీసేశారు. అంతర్గత వ్యవహారాల మంత్రి నికొలాయె మోగా కుర్చీ ఎక్కిన ఆరు రోజులకే దిగిపోయాడు. విద్యామంత్రి ఎకతెరీనా ఆండ్రోనెస్కు, తెలియనివాళ్ల కారెక్కకూడదని తనకు చిన్నప్పుడే నేర్పారని టీవీలో సెలవిచ్చింది. ప్రధాని వియోరికా డన్‌చిలా ఆమెను తొలగించింది. బుకారెస్ట్‌లో జనం వీధుల్లోకి వచ్చారు. విద్యామంత్రి మాటే నన్ను ఎక్కువ మండించింది. బస్సు వెయ్యని ప్రభుత్వంలో మంత్రి, కారెందుకు ఎక్కావని చనిపోయిన పిల్లను అడగడం! ఈ గొంతు మనకు కొత్తదేమీ కాదు. రాత్రిపూట ఎందుకెళ్లింది, ఒంటరిగా ఎందుకెళ్లింది, పోలీసులకు చేయకుండా ఇంట్లోవాళ్లకు ఎందుకు చేసింది. ఈ పిల్ల మూడుసార్లు పోలీసులకే చేసింది. ఇప్పుడేం అంటారు?

ఇక్కడ రెండోవైపు మాట కూడా న్యాయంగా చెప్పాలి. గేటు బయట ఆగిన పోలీసుల్ని సోమరులని తిట్టేయడం తేలిక. రుమేనియా రాజ్యాంగం 27వ అధికరణం రాత్రిపూట ఇళ్ల సోదాలను నిషేధిస్తుంది, నేరం కళ్లముందు జరుగుతుంటే తప్ప. ఆ నిషేధం ఊరికే రాలేదు. అర్ధరాత్రి తలుపు తట్టే సెక్యూరితాతె రహస్య పోలీసుల్ని నాలుగు దశాబ్దాలు చూసిన దేశం 1991లో రాసుకున్న వాక్యం అది. నేను ఆ నిషేధం పక్షమే. నా ఇంటి తలుపు కూడా వారంటు లేకుండా ఎవరూ తెరవకూడదు. కానీ అదే అధికరణంలో, పైన రెండో క్లాజులో, మనిషి ప్రాణానికి ముప్పుంటే లోపలికి వెళ్లొచ్చని స్పష్టంగా ఉంది. చట్టం తలుపు తెరిచే పెట్టింది. ఆ పిల్ల ఫోనును ప్రాణాపాయంగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, అదీ అసలు సంగతి. ఆడపిల్ల భయం వాళ్లకు వాస్తవంలా కనిపించలేదు, ఫిర్యాదులా కనిపించింది. ఫిర్యాదయితే పొద్దున ఆఫీసు వేళకి చూసుకోవచ్చు.

తర్వాత ప్రభుత్వం ఏం చేసింది? ఒక పనికొచ్చే పని చేసింది. మరుసటి ఏడాది 112కి ఫోను చేసినవాళ్ల స్థానం ఫోనే నేరుగా పంపే ఏర్పాటు తెచ్చింది. ఒక తొందరపాటు పని కూడా చేసింది. ముందే డబ్బు కట్టి వాడుకునే సిమ్ కార్డులన్నీ పేర్లతో నమోదు కావాలని అత్యవసర ఉత్తర్వు ఇచ్చింది. 2020లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. చూడండి, ఫోను చేసింది బాధితురాలు, ఫోను ఎత్తింది రాజ్యం. సంస్కరణ మాత్రం ఫోను కొనుక్కునే జనం మీద పడింది.

కఠిన శిక్షలు పడితే అన్నీ సర్దుకుంటాయనే మిత్రులు నాకు చాలామంది. రిమారుకు మరణశిక్ష ఐదు నెలల్లో పడింది. దాని తర్వాత ఆరేళ్లకే 1977 హత్య జరిగింది. చౌషెస్కు దంపతుల్ని 1989 క్రిస్మస్ రోజున కాల్చాక, కొద్ది రోజులకే 1990 జనవరిలో రుమేనియా మరణశిక్షను రద్దు చేసింది. శిక్ష ఉన్నప్పుడూ హంతకులున్నారు, పోయాకా ఉన్నారు. మారాల్సినది శిక్షకు ముందటి భాగం. ఫిర్యాదు రాసుకునే బల్ల, ఫోను ఎత్తే చెయ్యి, ముద్ర భద్రపరిచే కవరు.

హంతకుల కథలు వినొద్దని నేను మా పిల్లకు చెప్పలేదు. వినడంలో తప్పులేదు. ఆడపిల్లలు ఆ కథలు ఎక్కువ వింటారంటే, రాత్రిపూట ఒంటరిగా నడిచే అనుభవం వాళ్లదే కాబట్టి. దానికి చెప్పింది ఒకటే: ప్రతి కథలోనూ మొదటి బాధితురాలికీ రెండో బాధితురాలికీ మధ్య ఎన్ని రోజులున్నాయో కాగితం మీద రాసుకో. ఆ రోజుల్లో ఎవరికి ఏం తెలుసో కింద రాయి. హంతకుడి బాల్యం, వాడి తల్లిదండ్రులు, వాడి కళ్లలోని క్రూరత్వం, వీటన్నిటికన్నా ఆ కాగితమే ఎక్కువ నేర్పుతుంది.

మన దగ్గరా ఇప్పుడు అత్యవసర నంబరు 112. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందేనన్న జీరో ఎఫ్ఐఆర్ 2024 జులై నుంచి కొత్త నేర ప్రక్రియా చట్టంలోనే చేరింది. తెలంగాణలో ఆడపిల్లల శవాలు బయటపడిన హాజీపూర్ బావి గుర్తున్నవాళ్లకు ఇవెందుకు అవసరమో వివరించక్కర్లేదు. కాగితం మీద కరకల్‌లోనూ అన్నీ ఉన్నాయి.

కాబట్టి మూడు పనులు అడుగుతాను. ఆడపిల్ల కనిపించడం లేదన్న ప్రతి ఫిర్యాదు మీదా, అది అందిన గంటా, మొదటి అడుగు వేసిన గంటా రాయాలి. ఆ రెండింటి మధ్య తేడాను జిల్లాల వారీగా ఏటా ప్రకటించాలి. "ఎవరితోనో వెళ్లి ఉంటుంది" అని రాసి పక్కన పెట్టిన ప్రతి ఫైలు కింద ఆ మాట అన్న అధికారి సంతకం ఉండాలి. తేలని హత్య కేసుల ఛాన్స్ ప్రింట్లను, వెతికే యంత్రం మెరుగుపడినప్పుడల్లా కొత్తగా వెతికించాలి. 1944 నాటి ముద్ర 1972లో మాట్లాడింది. మన బీరువాల్లోని ముద్రలు 28 ఏళ్లు ఆగాల్సిన అవసరం ఇప్పుడు లేదు, కొన్ని సెకన్లు చాలు. ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు. ఒక రిజిస్టరు, ఒక సంతకం, ఏడాదికోసారి ఒక ఆదేశం. ఈ మాత్రం చేయని చోట ఇంకో పిల్ల చనిపోతే, చార్జిషీటులో హంతకుడి పేరు కింద ఇంకొన్ని పేర్లు రాయడానికి చోటు వదలాలి.